బందరు గుడ్డ, షీరాజు మొహమాటం

లాస్ ఏంజెలెస్ వెళ్ళొచ్చానంటే మా వాళ్ళు అడిగేవి మూడే ప్రశ్నలు. కొండ మీద తెల్ల అక్షరాలు చూశావా, సముద్రంలో కాళ్ళు తడిపావా, సినిమావాళ్ళెవరైనా కనిపించారా అని. మూడింటికీ లేదనే చెప్పాలి. నేను వెళ్ళింది లాస్ ఏంజెలెస్‌కే గానీ, చూసింది షీరాజు. అదీ ఇప్పటి షీరాజు కాదు. రెండు పెద్ద యుద్ధాల మధ్య, జనం కంచరగాడిదలు దిగి లారీలెక్కుతున్న కాలపు షీరాజు. ఇరాన్ వీసా అక్కర్లేకుండా అదెలా కుదిరిందో చెబుతాను. మీరెవరైనా ఆ పక్కకి వెళ్ళేటట్టయితే పనికొచ్చే జాగ్రత్త కూడా ఒకటుంది. అది నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

నాది పెడన. బందరు పక్కన, అద్దకాల ఊరు. ఉండేది కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇతరుల తప్పులు పట్టే ఉద్యోగం. ఈ కథలో తప్పు నాదే కాబట్టి ఉద్యోగం గురించి ఇంతకంటే ఎక్కువ మాట్లాడను.

ఆఫీసులో నా పక్క సీటు పరీసాది. ఇరాన్ నుంచి చదువుకోడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరిన పిల్ల. ఒకరోజు నేను కలంకారీ చీర కట్టుకెళితే కొంగు పట్టుకుని వదల్లేదు. "ఇలాంటి గుడ్డ మా అమ్మమ్మ దగ్గర ఉంది రాజీ. హిందుస్థాన్‌లో ఏదో బందరు నుంచి వచ్చిందట" అంది. వాళ్ళ భాషలో బందరు అంటే రేవు. ఏ రేవైనా కావచ్చు. కానీ పెడనవాళ్ళకి బందరు అంటే ఒక్కటే, మిగతావి లెక్కలోకి రావు. పరీసా అమ్మమ్మ ఉండేది లాస్ ఏంజెలెస్‌లో. పరీసా పెళ్ళి జరిగేదీ అక్కడే. "రెండు రోజులు ముందు రా, అమ్మమ్మ చూపిస్తుంది" అని పిలిచింది.

మా వారు పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి దూరప్రయాణాలు మానేశాను. ఒక్కదాన్నే వెళ్ళాలంటే బద్ధకం, పెళ్ళిళ్ళంటే ఇంకా బద్ధకం. అయితే మా టీమ్‌లోనే పనిచేసే స్వరూపకి కూడా పిలుపొచ్చింది. సిద్దిపేట పిల్ల. భర్తకి మిషిగన్ రాష్ట్రంలో నోవై అనే ఊళ్ళో కార్ల కంపెనీలో ఉద్యోగం, ఈవిడకి ఇక్కడ. శెలవు దొరికితే స్టీరింగు వదలదు. "నువ్వు సప్పుడు చేయక కూసో అక్కా, నేను డ్రైవ్ చేస్త" అంది. కూర్చున్నాను.

ఐదో నంబరు రోడ్డు

డబ్లిన్ దాటి కొండలు దిగాక ఐదో నంబరు హైవే మొదలవుతుంది. ఇక అంతే, గీత గీసినట్టు ఉంటుంది. అటు బాదం తోటలు, ఇటు పిస్తా తోటలు. మధ్యలో ఒకచోట వేలాది ఆవుల్ని ఒకే దొడ్లో కట్టేసి ఉంచుతారు. ఆ దొడ్డి కంటే ముందే దాని వాసన వస్తుంది. పశువుల మధ్య పెరిగిన స్వరూప కూడా చున్నీ ముక్కుకి చుట్టుకుంది.

మధ్యాహ్నం లారీలు ఆగే ఒక పంజాబీ ధాబాలో పరోటా తిన్నాం. అరచేయి మందాన ఉంది, మీద వెన్న. ఆ పక్కన పెరుగు, పచ్చిమిరపకాయ. ధర చూసి స్వరూప కళ్ళు పెద్దవి చేసింది.

"పద్నాలుగు డాలర్లా! గీ పైసలకు సిద్దిపేటల ఇంటిల్లిపాది తింటరక్కా."

"సిద్దిపేటలో జీతం డాలర్లలో ఇవ్వరు. తిను."

పక్క బల్ల మీద ఒక సర్దార్జీ టీ తాగుతున్నాడు. లారీ డ్రైవరు. మేం లాస్ ఏంజెలెస్ వెళ్తున్నామని తెలిసి, ముందున్న కొండ దారి గురించి హెచ్చరించాడు. ఎండ ఎక్కువగా ఉంది, ఎక్కేటప్పుడు ఏసీ ఆపేయండి, ఇంజను వేడెక్కుతుంది అన్నాడు. మా కారు కరెంటుదనీ ఇంజనే లేదనీ స్వరూప చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఇంకా మంచిది, దేవుణ్ణి తలచుకోండి" అన్నాడు.

సరిగ్గా అలాగే అయింది. కొండెక్కుతుంటే బ్యాటరీ గీత చూస్తూ చూస్తూ ఉండగానే సన్నబడి ఎర్రబడింది. ఏసీ ఆపాం. పాటలు ఆపాం. మాటలు కూడా ఆపాం, వాటికి కరెంటు అక్కర్లేకపోయినా. కొండ దిగేటప్పుడు కారు దానంతటదే కాస్త ఛార్జి అయి, పరువు దక్కి, చీకటి పడకముందే ఊళ్ళోకి చేరాం.

వెస్ట్‌వుడ్, దోసకాయల పళ్ళెం

వెస్ట్‌వుడ్ అనే పేటలో ఒక వీధి వీధంతా ఇరానీలదే. బోర్డులు వాళ్ళ లిపిలో ఉంటాయి. పుస్తకాల కొట్టు, తివాచీల కొట్టు, ఐస్‌క్రీం కొట్టు. మర్నాడు పొద్దున్నే పరీసా మమ్మల్ని వాళ్ళ అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్ళింది.

అమ్మమ్మ పేరు మహీన్. పేరు పక్కన 'ఖానుమ్' చేర్చాలి, మన 'గారు' లాగా. ఎనభై దాటిన మనిషి. ముత్యాల దండ, పెదాలకి రంగు, పొద్దున పదింటికే చక్కగా దువ్విన జుట్టు. చాలా ఏళ్ళు ఆ వీధిలోనే బట్టలు సరిచేసే కొట్టు నడిపింది కాబట్టి ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆవిడ మాటల్ని ఇక్కడ నేను తెలుగులో పెడుతున్నాను. గోడ మీద భర్త ఫోటో ఉంది. ఆయన పోయి చాలా కాలమైందట.

కూర్చోగానే పళ్ళ పళ్ళెం వచ్చింది. ద్రాక్ష, నేరేడు రంగు రేగుపళ్ళు, వాటి మధ్య దోసకాయలు. కూరల్లోవి కావు, వేలెడేసి లేతవి. వాళ్ళకి దోసకాయ కూడా పండే. అతిథి దాన్ని చెక్కు తీసి, ఉప్పద్దుకుని తినాలి. స్వరూప నా చెవిలో, "పప్పుల ఏసేది మనకు చేతికిచ్చిన్రు అక్కా" అంది. టీ గాజు గ్లాసులో ఇచ్చారు. అందులో పంచదార వేయరు. చక్కెర బిళ్ళని పళ్ళ మధ్య పెట్టుకుని దాని మీదుగా టీ తాగాలి. నేను అలవాటు లేక బిళ్ళని మొదటి గుక్కలోనే మింగేశాను.

భోజనంలో ఆకుకూర వేసి వండిన మాంసం పెట్టారు. పులుపు చూస్తే మన గోంగూర మాంసానికి చెల్లెలి వరస. అసలు విశేషం అన్నం. గిన్నె అడుగున మాడిన పొర ఉంటుంది చూడండి, మనం గీకి పారేసేది. వాళ్ళు దాన్ని కావాలని కరకరలాడేలా చేసి, అట్టులా తీసి, మొదటి ముక్క అతిథికి పెడతారు. మా అత్తగారింట్లో అన్నం మాడ్చినందుకు నేను తిన్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. తప్పు దేశంలో వండానన్నమాట.

భోజనం అయ్యాక పెళ్ళి గౌను సరిచూసుకోడానికి పరీసా వెళ్ళిపోయింది. మహీన్ ఖానుమ్ మమ్మల్ని తివాచీ మీద కూర్చోబెట్టి, ఇంకో విడత టీ పోసి, వాళ్ళ నాన్న సంగతి మొదలుపెట్టింది.

షీరాజు దారి

ఆవిడ తండ్రికి షీరాజు బజారులో గుడ్డల కొట్టు ఉండేది. పెళ్ళికాక ముందు, కుర్రతనంలో, సరుకు తెచ్చుకోడానికి ఆయనే స్వయంగా బుషెహర్ రేవుకి వెళ్ళేవాడట. సముద్రం ఒడ్డు లోతు లేదు. పొగ ఓడలు దూరంగా ఆగిపోతే చిన్న పడవల్లో మూటలు దింపేవారు. అక్కడ మన రూపాయలు ఇచ్చినా పుచ్చుకునేవారు. షీరాజులో మాత్రం వెండి నాణేలే. కొంచెం పెద్ద బేరమైతే డబ్బు మోయడానికే ఒక గాడిద కావాలి.

"పైకి వచ్చేవి టీ, చక్కెర, గుడ్డలు. కిందికి వెళ్ళేవి బాదం, పొగాకు, తివాచీలు, నల్లమందు" అంది మహీన్ ఖానుమ్, నల్లమందుని బాదంపప్పుతో సమానంగా పలుకుతూ. "బుషెహర్ నుంచి షీరాజుకి మధ్యలో కొండలు. ఒకటెక్కితే ఇంకోటి. మొదట్లో కంచరగాడిదలే. సత్రంలో పడుకుంటే నల్లులు. దారి పొడుగునా తుపాకులు పట్టుకున్న కాపలావాళ్ళు. దొంగల నుంచి కాపాడతామని డబ్బు అడిగేవాళ్ళు. ఇవ్వకపోతే దొంగలు వాళ్ళే."

తర్వాత లారీలొచ్చాయి. లారీ మీద మూటలు, మూటల మీద మనుషులు. డ్రైవరు పక్కన ఒకడు చెక్క దిమ్మ పట్టుకుని వేలాడేవాడట. కొండ మీద లారీ ఆగితే దూకి చక్రం వెనక దిమ్మ పెట్టడమే వాడి పని. పెట్టడం ఆలస్యమైతే లారీ, గుడ్డలు, మనుషులు అంతా లోయలో. బండి మొరాయిస్తే జనం దిగి తోసేవారు. డబ్బిచ్చి ఎక్కినవాళ్ళూ తోయాల్సిందే. నిన్న మా బ్యాటరీ ఎర్రబడ్డ సంగతి స్వరూప చెబితే ఆవిడ సంతోషించింది. "తోశారా?" అని అడిగింది. లేదంటే కొంచెం నిరాశపడింది.

"ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలన్నా కాగితం కావాలి" అంది ఆవిడ. "పోలీసులు ముద్ర వేయాలి. మా నాన్న ముద్ర కోసం వారాల తరబడి తిరిగేవాడు. లోపలికొచ్చాక ఎప్పుడు వచ్చావు, ఎందుకు వచ్చావు, ఎప్పుడు పోతావు."

స్వరూప చేతిలో టీ గ్లాసు ఆగింది. "గిది మా స్టాంపింగ్ లెక్కనే ఉంది గదా" అని గొణిగి, ఇంగ్లీషులో ఆవిడకి వివరించింది. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్ళు ఇండియా వెళితే తిరిగి రావడానికి పాస్‌పోర్టులో మళ్ళీ ముద్ర పడాలి, అది పడుతుందో లేదో తెలియక తను చెల్లెలి పెళ్ళికి కూడా పోలేదని. ఆవిడ స్వరూప చేతి మీద చెయ్యి వేసింది. పరీసా వాళ్ళ అమ్మ, అంటే ఈవిడ కూతురు, షీరాజులోనే ఉందట. వీసా రాలేదు. కూతురి పెళ్ళి ఫోన్‌లో చూస్తుందట. వందేళ్ళలో లారీలు పోయి విమానాలు వచ్చాయి గానీ ముద్ర మాత్రం అక్కడే ఉంది.

ఆ లారీల కాలంలోనే ఇరాన్ సర్కారు విదేశీ వ్యాపారం తన చేతిలోకి తీసుకుంది. బయటి గుడ్డల మీద సుంకం పెరిగింది. మా బందరు పక్క అద్దకం గుడ్డలు అక్కడికి రావడం ఆగిపోయింది. ఆఖరి మూట దిగిన రోజున వాళ్ళ నాన్న అందులోంచి ఒకటి అమ్మకుండా తన కోసం దాచుకున్నాడట. "చూపిస్తాను" అని లోపలికి వెళ్ళింది.

ఈ కథకి ఇంకో కొస నాకు తెలుసు. మా తాతమ్మ 'ఇరాను బేరం పోయింది' అనేది, ఏదో పీడకల చెప్పినట్టు. ఆ బేరం పోయాక మా ఇంట్లో మగవాళ్ళు అద్దకం బల్లలు వదిలి దొరికిన పనల్లా చేశారు. ఒక్క టేకు అచ్చు మిగిలింది. సన్నగా నిలువుగా, పైన కొస వాడిగా ఉండే బొమ్మ. దాన్ని దీపం అచ్చు అనేవాళ్ళం. అది మజ్జిగ కుండ మీద మూతగా ఉండేది.

మహీన్ ఖానుమ్ గుడ్డ తెచ్చి తివాచీ మీద పరిచింది. వేరు నుంచి తీసిన ఎరుపు, కరక్కాయ నలుపు. అంచు పొడుగునా వరసగా మా దీపాలు.

"ఇది దీపం కాదు" అంది ఆవిడ. "సర్వ్. మా షీరాజు తోటల్లో ఉంటుంది ఈ చెట్టు." కిటికీలోంచి చూపించింది. పక్క ఇంటి గోడ వెంట నిలువుగా, సన్నగా, ఆ చెట్లే. కాలిఫోర్నియాలో ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న సైప్రస్ చెట్లు. మా వాళ్ళు తమ జన్మలో చూడని చెట్టుని తరాలపాటు అద్ది పంపారు. అదే అచ్చని నేను ప్రమాణం చేయలేను, అలాంటివి బందరు నిండా ఉండేవి. అయినా గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

మూడోసారి

"చాలా బాగుంది ఖానుమ్. ఇంత అందమైన గుడ్డ నేను చూడలేదు" అన్నాను.

"నీదే. తీసుకో" అంది ఆవిడ. వాళ్ళ మాట ఒకటి కూడా అంది, పీష్‌కెష్ అని. జమీందార్లు నవాబులకి పేష్కషు కట్టేవారని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, ఆ మాటే.

"అయ్యో వద్దండీ."

"నీ ఊరిది, నీ దగ్గరే ఉండాలి. తీసుకో."

"లేదండీ, మీ నాన్నగారిది."

ఆవిడ గుడ్డ మడతపెట్టి నా రెండు చేతుల్లో పెట్టింది. "నా కళ్ళ మీద ఒట్టు" అంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మన ఇళ్ళల్లో పేరంటానికి వెళితే బొట్టు పెట్టి, పండూ తాంబూలంతో జాకెట్టు ముక్క చేతిలో పెడతారు. పెద్దావిడ చేతిలో గుడ్డ పెడితే వద్దనకూడదు, కళ్ళకద్దుకోవాలి. చిన్నప్పటినుంచి ఒంట్లో ఉన్న అలవాటది. మా వారు పోయాక నాకు అది ఆగిపోయింది. ఆమధ్య డబ్లిన్‌లోనే ఒక గృహప్రవేశంలో కుంకుమ భరిణ పట్టుకుని తిరుగుతున్న పిల్ల నా ముందుకొచ్చి, ఒక్క క్షణం ఆగి, నన్ను దాటి పక్కావిడ దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల పనిచేసేది క్లౌడ్‌లో. నా దగ్గరికొచ్చేసరికి నేల మీదకి దిగిపోయింది. నేను నవ్వేశాను గానీ, ఇంటికెళ్ళి చాలాసేపు లైటు వేయలేదు.

అలాంటిది, ముత్యాల దండ వేసుకున్న ఒక పెద్దావిడ నా చేతుల్లో గుడ్డ పెట్టింది. మూడుసార్లు చెప్పింది. కళ్ళకద్దుకున్నాను. వంగి ఆవిడ కాళ్ళకి దండం పెట్టాను. ఆవిడ ముఖంలో రంగు మారింది. ఆనందం అనుకున్నాను.

కారెక్కగానే స్వరూప అడిగింది. "అక్కా, గంత పాత బట్ట గట్లెట్ల ఇచ్చిందే?"

"కొందరి మనసు అంత పెద్దది స్వరూపా" అన్నాను. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కుంకుమపువ్వు కొట్టు

మర్నాడు శనివారం. పెళ్ళి ఆదివారం. స్వరూప ఇంటికి కుంకుమపువ్వు, పిస్తా వేసిన తెల్ల మిఠాయి కొనుక్కుంటానంటే ఆ వీధిలోనే ఒక కొట్టుకి వెళ్ళాం. మీసాల పెద్దాయన ఒకడు అన్నీ పొట్లం కట్టి ఇచ్చాడు. ఎంత అని అడిగితే గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మీకంటే ఎక్కువా! ఉంచండి" అన్నాడు.

స్వరూప ముఖం వెలిగిపోయింది. "థాంక్యూ సో మచ్ అంకుల్!" అని పొట్లం తీసుకుని బయటికి నడిచింది. వెనకే నేను. ఇరానీలంటే ఇంత ఉదారులా అనుకుంటూ నాలుగడుగులు వేశామో లేదో, వెనక నుంచి పెద్దాయన ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చాడు. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం ఆయనది.

"అమ్మా, అది తారోఫ్. మర్యాద! నేను వద్దంటాను, మీరు ఇస్తాననాలి. మళ్ళీ వద్దంటాను, మళ్ళీ మీరు ఇస్తాననాలి. మూడోసారి తీసుకుంటాను."

స్వరూప సిగ్గుపడి కార్డు తీసింది. ఆయన నొచ్చుకోకుండా, పైగా ఇంకో మిఠాయి ముక్క మా చేతుల్లో పెట్టి, దారిలోనే పాఠం చెప్పాడు. "మా ఇళ్ళల్లో కూడా అంతే. ఎవరైనా వచ్చి గోడ మీద గడియారం బాగుందంటే తీసుకో నీదే అంటాం. ఎన్నిసార్లంటే అన్నిసార్లు అంటాం. వాళ్ళు తీసుకోరు. తీసుకున్నవాళ్ళని నా జన్మలో చూడలేదు!"

స్వరూప మెల్లిగా నా వైపు తిరిగింది.

"అక్కా... నిన్నటి బట్ట?"

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది. మర్యాదస్తుల పుస్తకంలో రాయకూడదు. నేను మాత్రం మొహమాటం చాలినంత పడకపోవడం వల్ల ఇరుక్కున్నాను.

సరిగ్గా అప్పుడే పరీసా ఫోన్ చేసింది. "రాజీ, నిన్న ఆ గుడ్డ చూశాక అమ్మమ్మ ఎక్కడ పెట్టిందో గమనించావా? రేపు మా పెళ్ళి సోఫ్రేగా దాన్నే పరవాలి. అమ్మమ్మ పెళ్ళికీ అదే, అమ్మ పెళ్ళికీ అదే. అమ్మ రాలేకపోతోంది కదా, నేను దాని ముందు కూర్చుంటే చాలు, ఫోన్‌లో చూస్తానంది. అదొక్కటే అడిగింది. అమ్మమ్మేమో ఇస్త్రీకి ఇచ్చానంటుంది, ఏ షాపో చెప్పదు."

"నేను... కనుక్కుని చెబుతాను" అన్నాను. సోఫ్రే అంటే పెళ్ళి సరంజామా అంతా అమర్చడానికి నేల మీద పరిచే గుడ్డ. దాని ముందు పెళ్ళికూతురు కూర్చుంటుంది. అంటే మన పీటల్లాంటిది. నేను పెళ్ళివారింటి నుంచి పీటలెత్తుకొచ్చాను. ఆ మహాతల్లి నా పరువు పోకూడదని సొంత మనవరాలికి అబద్ధం చెప్పింది.

ఆర్టీసియా, ఒక పళ్ళెం

"పోయి ఇచ్చేద్దాం. సారీ అందాం. ఖతం" అంది స్వరూప.

"అంత తేలికా? తప్పుగా అర్థం చేసుకున్నానంటే, మీరు మనసారా ఇవ్వలేదని ఆవిడ ముఖం మీద అన్నట్టే. పెట్టిన గుడ్డ తిరిగివ్వడం మన దగ్గరే తప్పు. ఆవిడ చచ్చినా తీసుకోదు."

స్వరూప కారు స్టార్ట్ చేయకుండా స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చుంది. తర్వాత అంది. "మా దిక్కు ఆడిపిల్లకు పుట్టింటోళ్ళు ఒడిబియ్యం పోస్తరక్కా. బట్టలు పెడ్తరు. ఈ బట్ట పుట్టింది మీ ఊర్లనే గదా? మరి నువ్వే పుట్టింటిదానివి."

నేను దాని ముఖం వంక చూశాను. ముద్దు పెట్టుకోవాలనిపించింది. మా పక్క దాన్నే సారె అంటాం. గుడ్డ తిరిగివ్వడం లేదు, పెళ్ళికూతురికి పెడుతున్నాం. కానీ వెంటనే ఇంకో సంగతి తట్టింది.

"సారె ముత్తయిదువలు పట్టుకెళ్ళాలి స్వరూపా."

"నేను లేనా? పళ్ళెం నేను పట్టుకుంట. మాట నువ్వు మాట్లాడు."

ఆర్టీసియా అనే చోట మనవాళ్ళ కొట్లు వరసగా ఉంటాయి. ఇత్తడి పళ్ళెం, బియ్యం, పసుపు, కొబ్బరికాయ, గాజులు, మల్లెపూలు కొన్నాం. తమలపాకులు ధర వింటే నోట్లో పెట్టుకోకుండానే నోరు పండింది. గుడ్డ మాత్రం ఇస్త్రీ పెట్టె దగ్గరికి పోనివ్వలేదు. అంత పాతది తట్టుకుంటుందా!

సాయంత్రం మహీన్ ఖానుమ్ తలుపు తీసింది. పళ్ళెంలో గుడ్డ చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. వెనక పరీసా వచ్చి నిలబడింది. దారంతా బట్టీ పట్టిన మాటలు అప్పజెప్పాను.

"ఖానుమ్, ఈ గుడ్డ మా ఊళ్ళో పుట్టింది. నిన్న మీరు నాకిచ్చారు కాబట్టి మళ్ళీ పుట్టింటికి చేరింది. మా దగ్గర ఆడపిల్ల పెళ్ళికి పుట్టింటివాళ్ళు బట్టలు పెడతారు. ఇది మీ పిల్లకి మేం పెడుతున్నాం. తీసుకోవాలి."

"వద్దు వద్దు. నీకిచ్చేశాను. అది నీది" అంది ఆవిడ.

"తీసుకోవాలండీ."

"లేదమ్మా, నేను తీసుకోలేను."

ఇక్కడ నాకు నిజంగా చెమటలు పట్టాయి. ఇది మర్యాదా, నిజమా? మూడోసారి అడిగాక కూడా వద్దంటే? ఆవిడ కళ్ళలోకి చూశాను. పెదవి కొంచెం వణుకుతోంది.

"మీ కళ్ళ మీద ఒట్టు" అన్నాను.

మూడోసారి ఆవిడ రెండు చేతులూ చాచింది. గుడ్డ తీసుకుని, నన్ను చూసి నేర్చుకున్నట్టుంది, కళ్ళకద్దుకుంది. స్వరూప గట్టిగా ఊపిరి వదిలింది.

పరీసాకి మాత్రం ఏమీ అర్థం కాలేదు. "అమ్మమ్మా, ఇస్త్రీ షాపులో ఇచ్చానన్నావుగా?"

"ఇదే ఆ షాపు" అంది మహీన్ ఖానుమ్ నా భుజం తట్టి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం

పెళ్ళి ఒక తోట ఇంట్లో జరిగింది. నేల మీద మా గుడ్డ, దాని మీద నిలువుటద్దం, కొవ్వొత్తులు, రొట్టె, గుడ్లు, అక్రోట్లు, తేనె. అద్దానికి ఆనించి ఒక ఫోన్. అందులో షీరాజులో ఉన్న పరీసా వాళ్ళ అమ్మ. అక్కడ పొద్దుపోయినా పట్టుబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని కూర్చుంది. కూతురు వచ్చి గుడ్డ ముందు కూర్చోగానే ఆవిడ ఏదో అంది. పక్కనున్నవాళ్ళు చెప్పారు, 'కాస్త జరుగు, అంచు కనబడాలి' అందట. జరిగింది. దీపాలన్నీ ఫోన్‌లోకి వచ్చాయి. ఆవిడ తలగుడ్డ కొసతో ముఖం కప్పేసుకుంది. నాకూ కళ్ళు నిండాయి, అయితే నేను రెండు రోజులుగా అదే పని మీద ఉన్నాను కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

వధూవరుల తలల మీద ఒక తెల్ల సిల్కు గుడ్డని ఆడవాళ్ళు నాలుగు వైపులా పట్టుకుంటారు. ఇద్దరు దాని మీద చక్కెర దిమ్మల్ని ఒకదానికొకటి రాస్తారు, తీపి రాలాలని. పట్టుకునేది కాపురం చల్లగా ఉన్న ఆడవాళ్ళు. మన ముత్తయిదువలే అన్నమాట. స్వరూపని పిలిచి ఒక కొస ఇచ్చారు. నేను ఎప్పటిలాగే వెనక వరసలో, కుర్చీ చూసుకుని కూర్చున్నాను. దారి తెలిసినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పెళ్ళి చేయించే పెద్దాయన సమ్మతమేనా అని పరీసాని అడిగాడు. పరీసా పలకలేదు. ఆడవాళ్ళంతా, పెళ్ళికూతురు పూలు కోయడానికి వెళ్ళింది అని అరిచారు. రెండోసారి అడిగాడు. గులాబీ నీళ్ళు తేవడానికి వెళ్ళింది అన్నారు. ఇక్కడ కూడా మూడోసారేనన్నమాట!

ఆ రెండోసారికీ మూడోసారికీ మధ్య సిల్కు పట్టుకున్నవాళ్ళలో ఒకావిడకి చెయ్యి నొప్పెట్టింది. మహీన్ ఖానుమ్ ఆ కొస అందుకుని, తిరిగి, వెనక వరసలో ఉన్న నా వైపు చాచింది.

నేను లేవలేదు. దగ్గరగా వంగి, మెల్లిగా చెప్పాను. "ఖానుమ్, నాకు భర్త లేరు."

"నాకూ లేరు" అంది ఆవిడ. "పుట్టింటిదాన్నని నిన్న నువ్వే చెప్పావు. పుట్టింటివాళ్ళు పట్టుకోకపోతే ఇంకెవరు పట్టుకుంటారు? లే."

పెళ్ళికూతుర్ని మూడుసార్లు అడిగారు. నన్ను ఆవిడ ఒక్కసారే అడిగింది. లేచి పట్టుకున్నాను.